అద్దాలు లేకుండా చూపు ఎంతవరకు బాగుపడుతుంది? ఇంట్లో చేయాల్సినవి, చేయకూడనివి అన్నీ వివరంగా

యూట్యూబ్ తెరిస్తే చాలు "వారం రోజుల్లో కళ్ళజోడు పక్కన పడేస్తారు" అని ఒక వీడియో, "ఈ పొడి పాలల్లో కలుపుకుని తాగితే సైటు మాయం" అని ఇంకోటి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో కూడా పొద్దున్నే గుడ్ మార్నింగ్‌తో పాటు ఇవే తిరుగుతుంటాయి. వీటిలో కొన్ని నిజంగా పనికొచ్చేవి ఉన్నాయి, కొన్ని హాని లేకపోయినా టైం వేస్ట్, కొన్ని మాత్రం ఉన్న చూపు కూడా పోగొట్టేవి. మూడింటినీ కలిపేసి చెప్తున్నారు, నా బాధల్లా అదే. నాకు మైనస్ పవర్ ఉంది, మా పాపకి కూడా ఈమధ్యే వచ్చింది, అందుకే దీని గురించి దొరికిందల్లా చదివి, కళ్ళ డాక్టర్లని కూర్చోబెట్టి మరీ అడిగి తెలుసుకున్నది ఒక వరసలో రాస్తున్నాను. పైనుంచి కింద దాకా ఇదే వరసలో చేసుకుంటూ వెళ్ళండి, ముందున్నవి వదిలేసి ఎక్సర్‌సైజుల దగ్గరికి దూకితే లాభం ఉండదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. కంటి నెంబర్ వేరు, మనకి రోజూ కనపడే చూపు వేరు. నెంబర్ అంటే కన్ను ఎంత పొడుగుంది, కంటి ముందు పొర ఎంత వంపు ఉంది అన్నదాన్ని బట్టి వచ్చే లెక్క. చూపు అంటే ఆ కంటితో, ఆ తడితో, ఆ అలసటతో, ఆ వెలుగులో మనం నిజంగా ఎంత చదవగలుగుతున్నాం అన్నది. ఇంట్లో చేసుకునేవి చాలావరకు రెండోదాన్ని బాగుచేస్తాయి, మొదటిదాన్ని పెద్దవాళ్ళలో కదిలించలేవు, కానీ చిన్నపిల్లల్లో మాత్రం అసలు నెంబర్ రాకుండానే ఆపే అవకాశం ఉంది.

1. అసలు మీ కంటికి ఏముందో తెలుసుకోండి

"నాకు సైటు ఉంది" అంటే సరిపోదు, ఏ సైటు అనేది కావాలి. కళ్ళ టెస్ట్ చేయించుకున్నప్పుడు ఇచ్చిన చీటీ బయటికి తీయండి. అందులో మైనస్ ఉంటే దూరంవి మసకగా కనిపించే హ్రస్వదృష్టి, ప్లస్ ఉంటే దగ్గరివి ఇబ్బంది పెట్టేది, సిలిండర్ అని ఇంకో గడిలో నెంబర్ ఉంటే కంటి ముందు పొర అన్ని వైపులా ఒకేలా వంపు లేదని, నలభై దాటాక యాడ్ అని రాసి ప్లస్ 1, ప్లస్ 2 లాంటిది ఉంటే అది చత్వారం.

మామూలుగా పెద్దవాళ్ళ కన్ను ముందు నుంచి వెనక్కి 24 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అది ఒక్క మిల్లీమీటర్ ఎక్కువ సాగిందంటే సుమారు రెండున్నర నుంచి మూడు దాకా మైనస్ వచ్చేస్తుంది, అంటే బియ్యపు గింజ మందం కూడా లేని తేడాకి బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోతాయి. ఎత్తు పెరిగిన పిల్లాడు మళ్ళీ పొట్టిగా అవ్వడు కదా, సాగిన కన్ను కూడా అంతే, ఏ కషాయం తాగినా ఎన్నిసార్లు కళ్ళు తిప్పినా వెనక్కి కుంచించుకోదు. చత్వారంలో సమస్య వేరు, కంటి లోపలి లెన్స్ వయసుతో పాటు గట్టిపడి వంగడం మానేస్తుంది, ఇది అద్దాలు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా యోగా చేసినా చేయకపోయినా ప్రతి మనిషికీ వచ్చేదే.

మరి అద్దాలు లేకుండా బాగయ్యేవి ఏంటి అంటే, దొంగ సైటు (కంటి లోపలి కండరం బిగుసుకుపోయి సైటు ఉన్నట్టు కనిపించడం), కంటి తడి ఆరిపోవడం వల్ల వచ్చే మసక, రెండు కళ్ళు దగ్గరికి సరిగ్గా కలవకపోవడం, షుగర్ ఎక్కువ తక్కువ అవ్వడం వల్ల మారే పవర్, విటమిన్ ఏ లోపం వల్ల వచ్చే రేచీకటి. ఇవన్నీ నిజంగా తగ్గుతాయి, కొన్ని పూర్తిగా పోతాయి కూడా.

2. దొంగ సైటు ఉందేమో చూపించుకోండి

దీన్ని చాలామంది పట్టించుకోరు కానీ "నాకు సైటు పోయింది" అని చెప్పే నిజమైన కథల్లో చాలావాటి వెనక ఉండేది ఇదే అని నా నమ్మకం. గంటల తరబడి ఫోనో పుస్తకమో దగ్గరగా చూస్తే కంటి లోపల లెన్స్‌ని వంచే చిన్న కండరం బిగుసుకుపోయి వదలదు, అప్పుడు దూరం చూస్తే మసక, అదే టైంలో అద్దాల షాపుకి వెళ్ళి కంప్యూటర్ మీద గడ్డం పెడితే మైనస్ 1 అనో ఒకటింపావు అనో చీటీ వస్తుంది. పరీక్షల టైంలో ఇంటర్ పిల్లల్లో ఇది బాగా కనపడుతుంది. నిజానికి ఆ పిల్లాడికి పవర్ ఉండకపోవచ్చు, లేదా చీటీలో ఉన్నదాంట్లో సగమే ఉండొచ్చు.

తేల్చుకునే దారి ఒక్కటే, కళ్ళల్లో చుక్కలు వేసి ఆ కండరాన్ని వదులు చేసి పవర్ చూడటం. చుక్కలు వేశాక కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు వెలుతురు చూడలేరు, దగ్గరివి చదవలేరు, అందుకని స్కూలు సెలవు రోజు పెట్టుకోండి. పిల్లలకి మొదటిసారి అద్దాలు రాయించేటప్పుడు చుక్కలు వేయకుండా రాస్తే తీసుకోకండి అనే నేను గట్టిగా చెప్తాను. హైదరాబాద్‌లో 1987 నుంచి నడుస్తున్న ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళకి ఊళ్ళల్లో కూడా విజన్ సెంటర్లు ఉన్నాయి, గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది, తిరుపతిలో అరవింద్ వాళ్ళది ఉంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా కళ్ళ డాక్టర్ ఉంటారు, ఎక్కడైనా పర్లేదు.

3. ఇంట్లో మీ చూపు కొలిచి రాసి పెట్టుకోండి

కొలత లేకుండా ఏ ఎక్సర్‌సైజ్ మొదలెట్టినా పది రోజులకి "కొంచెం బెటర్‌గానే ఉంది" అనిపిస్తుంది, అది నిజమో కాదో తెలీదు. దీనికి పెద్ద సామాన్లు అక్కర్లేదు, గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ చాలు. తేదీ అంకె పెద్దగా ఉంటుంది, దాని పక్కన తిథి, నక్షత్రం, వర్జ్యం చిన్న అక్షరాల్లో ఉంటాయి. పగటిపూట కిటికీ వెలుగు దాని మీద పడేలా చూసి, అద్దాలు తీసి, ఎడమ కన్ను అరచేత్తో మూసి (నొక్కొద్దు, వేళ్ళ సందుల్లోంచి చూడొద్దు), కుడి కంటితో చూస్తూ ఒక్కో అడుగు వెనక్కి జరగండి. కళ్ళు చికిలించకుండా తేదీ అంకెలు ఎక్కడిదాకా చదవగలిగారో అక్కడ నేల మీద చాక్‌పీస్‌తో గీత పెట్టండి, తిథి అక్షరాలకి ఇంకో గీత. తర్వాత రెండో కన్ను. టేపుతో కొలిచి ఫోన్లో రాసుకోండి. ప్రతి ఆదివారం అదే టైంకి అదే వెలుగులో చేయండి, కాకపోతే నెల మారితే పేజీ మారుతుంది కాబట్టి అంకెలు గుర్తుండిపోయాయన్న సమస్య కూడా ఉండదు.

రెండు కళ్ళకీ మధ్య తేడా బాగా ఎక్కువ ఉంటే అదొక్కటే డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి చాలు. రెండు కళ్ళతో చూస్తున్నంతసేపు మంచి కన్ను పని లాగించేస్తుంది కాబట్టి ఒక కన్ను మందగించిందని ఏళ్ళ తరబడి తెలియనివాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు ఒక విజిటింగ్ కార్డుకి గుండుసూదితో చిన్న బెజ్జం పెట్టి, అద్దాలు లేకుండా అందులోంచి అదే క్యాలెండర్ చూడండి. అక్షరాలు ఒక్కసారిగా స్పష్టంగా వచ్చాయంటే మీ మసక పవర్ వల్లే, అద్దంతో సరిపోయేది. బెజ్జంలోంచి చూసినా మసక అలాగే ఉంటే లేదా ఇంకా ఎక్కువైతే అది శుక్లమో, కంటి వెనక పొర సమస్యో, ఇంకేదో కావచ్చు, ఇంటి చిట్కాలు అక్కడితో ఆపి డాక్టర్‌కి చూపించండి. బెజ్జాలున్న నల్ల కళ్ళజోళ్ళు "సైటు తగ్గిస్తాయి" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా, అవి పని చేసేది కూడా ఈ సూత్రం మీదే, పెట్టుకున్నంతసేపే స్పష్టం, తీసేస్తే మామూలే.

4. కంటి తడి సంగతి చూడండి

గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో ఏసీ కింద పది గంటలు కూర్చునేవాళ్ళకి, వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్ళకి ఎక్కువ లాభం ఈ పని వల్లే. మామూలుగా మనం నిమిషానికి 15 సార్లు అటూ ఇటూగా రెప్ప వేస్తాం, స్క్రీన్ చూస్తున్నప్పుడు అది మూడో వంతుకి పడిపోతుంది, వేసిన రెప్ప కూడా సగమే పడుతుంది. కంటి మీద పల్చటి నీటి పొర ఉంటేనే చూపు క్లియర్‌గా ఉంటుంది, అది అక్కడక్కడ ఆరిపోతే అక్షరాలు అలికినట్టు అవుతాయి, రెప్ప వేయగానే మళ్ళీ బాగవుతాయి. మీకు సాయంత్రానికి మసక, మంట, ఇసుక పడ్డట్టు గరగర, రెప్ప వేస్తే ఒక్క సెకను క్లియర్ అవ్వడం ఉంటే పవర్ పెరిగిందని కంగారు పడి అద్దాలు మార్చకండి, ముందు రెండు మూడు వారాలు ఇది చేయండి.

స్క్రీన్ పైఅంచు కళ్ళ ఎత్తు కన్నా కొంచెం కిందకి రావాలి, కిందికి చూస్తే కన్ను తక్కువ తెరుచుకుంటుంది, తడి తక్కువ ఆరుతుంది. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి మొహం మీదకి నేరుగా రాకుండా కుర్చీ జరపండి. ప్రతి 20 నిమిషాలకి 20 అడుగుల అవతల ఉన్న దేన్నైనా 20 సెకన్లు చూడండి, ఆ 20 సెకన్లలోనే మెల్లగా పూర్తిగా కళ్ళు మూసి తెరవడం ఐదారు సార్లు చేయండి, చాలామంది దూరం చూస్తారు కానీ రెప్ప వేయడం మర్చిపోతారు. రాత్రి పడుకునే ముందు శుభ్రమైన గుడ్డని వేడి నీళ్ళల్లో ముంచి పిండి, మణికట్టు మీద పెట్టి చూసుకుని, చుర్రుమనకుండా హాయిగా ఉంటే మూసిన రెప్పల మీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి, చల్లారితే మళ్ళీ ముంచండి. రెప్పల అంచుల్లో నూనె గ్రంథులు ఉంటాయి, వాటిలో గడ్డకట్టిన నూనె కరిగి బయటికి వస్తే కంటి తడి అంత త్వరగా ఆవిరవదు. దీనికి రూపాయి ఖర్చు లేదు, రోజూ చేసేవాళ్ళకి తేడా బాగా తెలుస్తుంది.

నీలం వెలుగు ఆపే అద్దాల మీద డబ్బులు పెట్టకండి. 2023లో వైద్య పరిశోధనలని సమీక్షించే కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే మామూలు అద్దాలకీ వీటికీ కంటి అలసటలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

5. పామింగ్, సన్నింగ్, బేట్స్ పద్ధతి: ఏం వస్తుంది, ఏం రాదు

"అద్దాలు లేని చూపు" అనే మాట ఎక్కడ విన్నా దాని మూలం చాలావరకు న్యూయార్క్ కళ్ళ డాక్టర్ విలియం బేట్స్ దగ్గరికి వెళ్తుంది. ఆయన 1860లో పుట్టి 1931లో పోయాడు, 1920లో తన పద్ధతి మీద పుస్తకం వేశాడు. కంటి బయట ఉండే కండరాలు బిగుసుకుని గుడ్డుని నొక్కడం వల్లే సైటు వస్తుంది, వాటిని రిలాక్స్ చేస్తే పోతుంది అనేది ఆయన వాదన. మన దగ్గర దీన్ని బాగా నడిపింది పుదుచ్చేరి శ్రీ అరబిందో ఆశ్రమం వాళ్ళ కళ్ళ స్కూలు, డాక్టర్ ఆర్.ఎస్. అగర్వాల్ మొదలెట్టింది, మన తెలుగువాళ్ళు కూడా పిల్లల్ని తీసుకుని వెళ్తుంటారు. మూసిన కళ్ళ మీద ఎండ (సన్నింగ్ అంటే ఇదే), ఆవిరి, చల్లటి గుడ్డ, బంతితో ఆట, కొవ్వొత్తి వెలుగులో చిన్న అక్షరాలు చదవడం, అరచేతులతో కళ్ళు కప్పుకునే పామింగ్, ఇలా ఒక క్రమంలో చేయిస్తారు.

బేట్స్ చెప్పిన కారణం తప్పు అని తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. శుక్లాల ఆపరేషన్ అయిన మన ఇంట్లో పెద్దవాళ్ళని చూడండి, బయటి కండరాలన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి, లోపలి లెన్స్ మాత్రమే మార్చారు, అయినా మామూలు లెన్స్ వేయించుకున్నవాళ్ళు దగ్గర చదవడానికి అద్దాలు అడుగుతారు. దగ్గరకీ దూరానికీ ఫోకస్ మార్చేది బయటి కండరాలే అయితే అలా జరగదు కదా.

మరి ఈ పద్ధతి చేసినవాళ్ళు చార్టు మీద ఒకట్రెండు లైన్లు ఎక్కువ చదివాం అంటారు, వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు. అద్దాలు తీసి కాసేపు ఉంటే మెదడు ఆ మసకకి అలవాటు పడి, ఉన్నదాంట్లోంచే ఎక్కువ అర్థం చేసుకోవడం మొదలెడుతుంది, ఇది పరీక్షల్లో కూడా తేలింది, చదివే లైన్లు పెరుగుతాయి కానీ మెషీన్ మీద నెంబర్ మారదు. రెప్ప వేసిన క్షణంలో నీటి పొర మారి ఒక్కసారి స్పష్టంగా మెరిసినట్టు కనపడటం కూడా ఉంటుంది. బిగుసుకున్న లోపలి కండరం వదులైతే దొంగ సైటు భాగం నిజంగానే తగ్గుతుంది. ఈ మూడు కలిస్తే మనిషికి గట్టి నమ్మకం వచ్చేస్తుంది, కానీ మైనస్ 4 ఉన్నవాళ్ళు ఈ నమ్మకంతో అద్దాలు లేకుండా హైవే మీద బండి నడిపితే ప్రాణం మీదకి వస్తుంది, వాళ్ళదే కాదు ఎదురొచ్చేవాళ్ళది కూడా.

పామింగ్ నేను రోజూ చేస్తాను, చెయ్యమనే చెప్తాను, విశ్రాంతి కోసం. బల్ల మీద మోచేతులు ఆనించి, అరచేతులు రుద్ది వెచ్చబెట్టి, దోసిలి కొంచెం గుంటగా చేసి మూసిన కళ్ళ మీద పెట్టండి. అరచేతి మడమలు చెంప ఎముకల మీద ఆనాలి, వేళ్ళు నుదుటి మీద ఒకదాని మీద ఒకటి అడ్డంగా, కనుగుడ్డు మీద ఏమాత్రం ఒత్తిడి పడకూడదు, రెప్పలు లోపల కదిలినా అరచేతికి తగలకూడదు. మొదట రంగు రంగుల చుక్కలు, మెరుపులు కనపడతాయి, కాసేపటికి తగ్గి నల్లగా అవుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు. మెడ కిందకి వేలాడకుండా చూసుకోండి, లేకపోతే కళ్ళు బాగయ్యే లోపు మెడ నొప్పి వస్తుంది.

త్రాటకం, అంటే దీపం జ్వాలని రెప్ప వేయకుండా చూడటం, హఠయోగంలో చెప్పిన ఆరు శుద్ధి క్రియల్లో ఒకటి. మనసు నిలబడటానికి మంచిదే, సైటుకి మందు కాదు, కంటి తడి ఆరిపోయే సమస్య ఉన్నవాళ్ళు అసలు చేయకండి. సూర్యుణ్ణి కళ్ళు తెరిచి చూడటం మాత్రం ఎవరు చెప్పినా, ఉదయం పూట అయినా, వద్దు. కంటి వెనక పొర మధ్యలో కాలిపోతే నొప్పి కూడా తెలియదు, చూసినచోట నల్ల మచ్చ మిగిలిపోతుంది.

6. దగ్గర దూరం కసరత్తు, పెన్సిల్ కసరత్తు

పుస్తకంలోంచి తల ఎత్తితే బోర్డు క్లియర్ అవ్వడానికి రెండు మూడు సెకన్లు పడుతోందంటే ఫోకస్ మార్చే కండరం బద్ధకించిందని. కిటికీ దగ్గర నిలబడి, చేయి చాపి బొటనవేలి గోరు మీద గీతలు స్పష్టంగా కనిపించేదాకా చూడండి, వెంటనే దూరంగా ఉన్న చెట్టు కొమ్మో, ఎదురింటి వాటర్ ట్యాంక్ మీద రాతో చూడండి, అది స్పష్టం అయ్యాకే మళ్ళీ గోరు. పదిసార్లు, రోజుకి రెండు పూటలు. అద్దాలు ఉన్నవాళ్ళు అద్దాలు పెట్టుకునే చేయాలి.

ఇంకోటి, పెన్సిల్ మొనని చేయి దూరం నుంచి ముక్కు వైపు మెల్లగా తెచ్చుకోండి. ఒకటి రెండుగా కనపడిన చోట ఆపి ముక్కు నుంచి దూరం కొలవండి. ఆరు సెంటీమీటర్ల దాకా ఒక్కటిగానే ఉంటే బాగున్నట్టే, పది సెంటీమీటర్ల దగ్గరికి రాకముందే, అంటే ఇంకా దూరంగా ఉండగానే రెండుగా విడిపోతే రెండు కళ్ళు కలిసి లోపలికి తిరగలేకపోతున్నాయని అనుమానించాలి. చదివేటప్పుడు లైన్లు కలిసిపోవడం, అరగంటకే తలనొప్పి, నిద్ర ముంచుకురావడం, పిల్లలైతే చదువంటే పారిపోవడం, ఇవన్నీ దీని వల్ల ఉంటాయి, మనమేమో బద్ధకం అని తిడతాం. దీనికి వ్యాయామం నిజంగా పనిచేస్తుంది. అమెరికాలో 2008లో 221 మంది పిల్లల మీద జరిగిన పరీక్షలో, థెరపిస్ట్ దగ్గర వారం వారం చేసి ఇంట్లో కూడా కొనసాగించిన పిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది 12 వారాల్లో బాగయ్యారు లేదా బాగా మెరుగయ్యారు, ఇంట్లో ఒట్టి పెన్సిల్ కసరత్తు చేసినవాళ్ళకి మాత్రం ఉత్తుత్తి థెరపీ చేసినవాళ్ళ కన్నా చెప్పుకోదగ్గ లాభం రాలేదు. కాబట్టి పైన చెప్పిన పెన్సిల్ కొలతలో సమస్య కనిపిస్తే విజన్ థెరపీ చేయించే చోటు వెతకండి.

7. ఇంట్లో పిల్లలు ఉంటే అన్నిటికన్నా ముఖ్యం ఇది

ఈ గైడ్‌లో ఒక్కటే చేస్తాం అంటే ఇదే చేయండి. పిల్లల్ని రోజూ రెండు గంటలు ఆరుబయట ఉంచండి. ఆటలాడాలని కూడా లేదు, బయట వెలుగులో ఉంటే చాలు. చైనాలోని గ్వాంగ్జౌలో ఆరేళ్ళ పిల్లలున్న 12 స్కూళ్ళని తీసుకుని సగం స్కూళ్ళల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు బయట క్లాసు పెట్టారు, మూడేళ్ళ తర్వాత చూస్తే మామూలు స్కూళ్ళల్లో 39.5 శాతం మందికి మైనస్ వచ్చింది, బయట తిప్పినవాళ్ళల్లో 30.4 శాతం, ఈ ఫలితాలు 2015లో వచ్చాయి. తైవాన్ వాళ్ళు 2010 నుంచే స్కూళ్ళల్లో రోజుకి 120 నిమిషాలు బయట అని పెట్టుకున్నారు, ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చిన చూపు మందగించిన పిల్లల శాతం ఆ తర్వాత తగ్గడం మొదలైంది.

ఎందుకు పనిచేస్తుందంటే వెలుగు. వెలుగుని లక్స్‌లో కొలుస్తారు, ఇంట్లో ట్యూబులైటు కింద 100 నుంచి 300 లక్స్ ఉంటే గొప్ప, బయట చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది, ఎండలో లక్ష దాకా వెళ్తుంది. ఆ వెలుగుకి కంటి వెనక పొరలో డోపమిన్ అనే రసాయనం విడుదలై కన్ను మరీ పొడుగ్గా సాగకుండా పట్టి ఉంచుతుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అందుకే మన ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం పిల్లల్ని బయట నిలబెట్టాల్సిన పని లేదు, పొద్దున ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగున్నర తర్వాత, వేపచెట్టు నీడ, అరుగు, డాబా మీద పందిరి కింద అన్నీ పనికొస్తాయి, టోపీ పెట్టినా పర్లేదు. అపార్ట్‌మెంట్ వాళ్ళకి కష్టమే, నాకు తెలుసు, మేము సాయంత్రం హోంవర్క్‌ని బాల్కనీలోకి, శనాదివారాలు పార్కులోకి మార్చాం. పొద్దున ఆరింటికి స్టడీ అవర్, రాత్రి తొమ్మిదిన్నర దాకా స్టడీ అవర్ పెట్టి గ్రౌండ్ కూడా లేని అపార్ట్‌మెంట్ బిల్డింగుల్లో పిల్లల్ని పెంచుతున్న రెసిడెన్షియల్ కాలేజీలు చూస్తే నాకు కడుపు మండుతుంది, అక్కడ చేర్పించే ముందు ర్యాంకులతో పాటు పిల్లలు పగలు ఎంతసేపు ఆకాశం కింద ఉంటారో కూడా అడగండి.

పుస్తకం దూరం కూడా చూసుకోండి. పిడికిలి బిగించి గడ్డం కింద పెట్టుకుంటే మోచేయి ఎక్కడికి వస్తుందో పుస్తకం అంత దూరంలో ఉండాలి, పడుకుని ఫోన్ చూస్తే అది జానెడు దూరానికి వచ్చేస్తుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి, బయట తిరగడం వల్ల ఎక్కువ లాభం మైనస్ రాకముందు. వచ్చేసిన తర్వాత పెరుగుదల ఆపడానికి అది ఒక్కటే సరిపోదు. అప్పుడు తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేకంగా తయారుచేసిన లెన్సులు ఉన్నాయి, డాక్టర్‌ని అడగండి. నాచురల్ కాదని వెనకాడకండి, మైనస్ 6 దాటితే పెద్దయ్యాక కంటి వెనక పొర ఊడిపోవడం, నీటికాసులు లాంటివి వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

8. తిండి

విటమిన్ ఏ తక్కువైతే రేచీకటి వస్తుంది, ఇంకా ముదిరితే కంటి నల్లగుడ్డు కరిగి చూపే పోతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పని మీద ఆధారపడే 1970లో దేశమంతా పిల్లలకి విటమిన్ ఏ వేసే కార్యక్రమం మొదలైంది, ఇప్పటికీ తొమ్మిదో నెల టీకాతో మొదలుపెట్టి ఐదేళ్ళ లోపు తొమ్మిది డోసులు వేస్తారు, అంగన్వాడీలో అడిగి ఒక్కటి కూడా మిస్ కాకుండా చూడండి. మునగాకు, తోటకూర, పాలకూర, కరివేపాకు, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు పచ్చసొన, కార్జం ఇవన్నీ మంచివి. ఆకుకూర పప్పులో ఒక చెంచా నూనో నెయ్యో పడితేనే అందులోది ఒంటికి పడుతుంది.

కానీ లోపం లేనివాళ్ళు రోజూ లీటర్ క్యారెట్ జ్యూస్ తాగినా మైనస్ 2 మైనస్ 1 అవ్వదు. బాదం, సోంపు, పటికబెల్లం పొడి కూడా అంతే, రుచికి తినండి, సైటుకి కాదు. షుగర్ ఉన్నవాళ్ళు ఆ పటికబెల్లం పొడికి దూరంగా ఉండండి. షుగర్ ఎక్కువ తక్కువ అవుతుంటే కంటి లెన్స్‌లో నీరు మారి పవర్ కూడా మారుతుంటుంది, షుగర్ కంట్రోల్‌లోకి వచ్చి కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే అద్దాలు రాయించుకోండి, లేకపోతే నెలలోనే ఆ అద్దాలు పనికిరావు.

9. నలభై దాటినవాళ్ళకి

పేపర్ దూరంగా పట్టుకుని చదవడం మొదలైందంటే చత్వారం. కసరత్తులతో ఇది పోదు, కానీ మంచి వెలుగు పెడితే నిజంగా తేడా ఉంటుంది, వెలుగుకి కంటిపాప చిన్నదై ఆ విజిటింగ్ కార్డు బెజ్జం లాంటి లాభమే ఇస్తుంది. ఫోన్లో అక్షరాల సైజు పెంచుకోండి. దగ్గర అద్దాలు పెట్టుకుంటే అలవాటైపోయి కళ్ళు పాడవుతాయన్నది అపోహ, సూదిలో దారం ఎక్కించలేక, బియ్యంలో రాయి ఏరలేక అవస్థ పడే అమ్మల్ని ఈ మాట చెప్పి ఆపకండి. 2018 ఆగస్టు 15న తెలంగాణలో కంటి వెలుగు, 2019 అక్టోబర్‌లో ఆంధ్రాలో అదే పేరుతో ఇంకోటి మొదలై ఊరూరా పరీక్షలు చేసి అద్దాలు ఇచ్చినప్పుడు, అన్నాళ్ళూ వయసైపోయింది అనుకుని ఊరుకున్న ఎంతమందికో దగ్గర చూపు తిరిగొచ్చింది.

"మా తాతయ్యకి 70 దాటాక అద్దాలు లేకుండానే పేపర్ చదవడం వచ్చింది, రోజూ చేసిన ప్రాణాయామం వల్ల" అని గర్వంగా చెప్తుంటారు. సంతోషమే కానీ వెంటనే కళ్ళు చూపించండి, శుక్లం లోపల గట్టిపడేటప్పుడు కన్ను మైనస్ వైపు జరుగుతుంది, అందుకని కొన్నాళ్ళు దగ్గరివి బాగా కనిపిస్తాయి, దూరం తగ్గిపోతుంటుంది.

10. అస్సలు చేయకూడనివి

కంట్లో ఆకు పసరు, తేనె, ఉల్లిరసం, ఆముదం, తల్లిపాలు, పసుపు నీళ్ళు ఏవీ వేయకండి. వరికోతలప్పుడు ధాన్యపు గింజ ఎగిరి గీసుకుంటే పొలం దగ్గరే పసరు పిండేస్తారు, ఆ గీతలోంచి ఫంగస్ లోపలికి వెళ్ళి పుండు పడి తెల్లమచ్చ మిగిలిపోయినవాళ్ళు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. నీళ్ళతో కడిగి, నలపకుండా, అదే రోజు డాక్టర్ దగ్గరికి.

చిన్నపిల్లల అద్దాలు తీసేయించి ప్రకృతి వైద్యం చేయించకండి, ముఖ్యంగా ఎక్కువ ప్లస్ ఉన్నవాళ్ళు, రెండు కళ్ళ మధ్య పవర్ తేడా ఉన్నవాళ్ళు, మెల్లకన్ను ఉన్నవాళ్ళు. ఏడెనిమిదేళ్ళ లోపు ఆ కంటి నుంచి మెదడుకి స్పష్టమైన బొమ్మ వెళ్ళకపోతే మెదడు ఆ కన్నుని వాడటం మానేస్తుంది, తర్వాత ఎంత మంచి అద్దం పెట్టినా పూర్తి చూపు రావడం కష్టం. కావాలని పవర్ తక్కువ వేయించి "కంటికి పని చెప్పడం" కూడా వద్దు, మలేషియాలో పిల్లల మీద అలా చేసి చూస్తే మైనస్ తగ్గకపోగా ఇంకా వేగంగా పెరిగింది.

నీటికాసులు ఉన్నవాళ్ళు, ఇంట్లో అమ్మానాన్నలకి ఉన్నవాళ్ళు కళ్ళకి మంచిదని శీర్షాసనం వేయకండి, తలకిందులుగా ఉన్నంతసేపు కంటి ఒత్తిడి దాదాపు రెట్టింపు అవుతుంది. కళ్ళు నలపడం కూడా మానండి, సిలిండర్ పవర్ ఆరు నెలలకోసారి మారిపోతూ బాగా నలిపే అలవాటున్న కుర్రాళ్ళకి కంటి ముందు పొర పల్చబడి ముందుకి పొడుచుకొచ్చే జబ్బు ఉండొచ్చు, ఒకసారి స్కాన్ చేయించుకోండి.

11. మూడు నెలల తర్వాత

క్యాలెండర్ కొలతలు తీసుకుని మళ్ళీ కళ్ళ టెస్ట్‌కి వెళ్ళండి. అడుగులు పెరిగి నెంబర్ అలాగే ఉంటే తడి, అలసట బాగయ్యాయని, అవే కొనసాగించండి, అద్దాలూ కొనసాగించండి. నెంబర్ కూడా తగ్గితే దొంగ సైటు భాగం పోయిందని, కొత్త నెంబర్‌తో అద్దాలు మార్పించుకోండి. అడుగులు తగ్గుతుంటే మాత్రం మూడు నెలలు ఆగక్కర్లేదు. ఉన్నట్టుండి మెరుపులు, నల్ల చుక్కల వాన, ఒక పక్క తెర దిగినట్టు ఉండటం, కన్ను ఎర్రబడి నొప్పితో చూపు తగ్గడం, గీతలు వంకరగా కనపడటం, లైటు చుట్టూ రంగుల వలయాలతో తలనొప్పి, వాంతి, వీటిలో ఏది వచ్చినా ఇంట్లో చేసేవన్నీ పక్కన పెట్టి ఆ రోజే, రాత్రయినా సరే, కంటి ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళిపోండి.